వీపున మూట

మొన్న వసంతంలో మా మేనకోడలు ఉద్యోగం చేస్తున్న కొరియాకు పోయి, ఆ దేశపు పాత రాజధాని గ్యోంగ్జులో ఆ పిల్లతో ఒక పూటంతా కాలినడకన తిరిగాను. వెంట దారి చూపేవాడెవడూ ఉండడు. చేతిలో పటం పట్టుకొని, పైన్ చెట్ల మధ్య బాణం గుర్తులు చూసుకుంటూ మన దారిన మనం పోవడమే. పచ్చిక కప్పిన ఆ గుట్టలన్నీ రాజుల సమాధులట. రాజ్యాలు పోయి గడ్డి మిగిలిన చోట నాబోటివాడి కాళ్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి. వంకర కొమ్మ ఒకటి దారికడ్డం వస్తే, "తల వంచు మామా" అన్నది వెనకనుంచి పిల్ల. గొంతు అచ్చం వాళ్లమ్మది. నేను వంగలేదు, చుట్టూ తిరిగి పోయాను. కానీ ఆ మాట నన్ను తీసుకుపోయి కువైట్‌లో నిలబెట్టింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఆ ఆగస్టు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను రిగ్గై పేటలో కడపవాళ్లతో కలిసి ఒక గదిలో ఉంటూ బట్టల దుకాణంలో పని చేసేవాణ్ని. మా చెల్లెలు, ఈ పిల్ల తల్లి, నగరం ఇంకో కొసన రుమైథియాలో ఒకరింట వంట చేసేది. ఒకప్పుడు మా వాకిట్లో జనం చేతులు కట్టుకొని నిలబడేవారు కనుక, ఆమె చేసే పని ఏమిటో నేను ఊరికి ఎన్నడూ రాయలేదు. యజమానులు సరిహద్దు దాటి పోయారనీ, ఆమె ఒక్కతే ఆ ఇంట్లో మిగిలిందనీ, సైనికులు తాళాలు పగలగొట్టి ఇళ్లలోకి వస్తున్నారనీ తెలిసి, బస్సులు లేక నడిచే బయలుదేరాను.

దారిలో సైనికుల తనిఖీ దగ్గర నన్ను పక్కకు లాగారు. ఇస్త్రీ చొక్కా, నిటారు నడక చూసి, మారువేషంలో ఉన్న కువైట్ ఆఫీసరునేమోనని వాళ్ల అనుమానం. అక్కడ ఉండేందుకిచ్చిన నా ఇఖామా కార్డు తిప్పి తిప్పి చూసి, ఎండలో నిలబెట్టి, చివరికి విసుగొచ్చి వదిలారు. నా పక్కన నిలబెట్టిన మనిషిని మాత్రం లారీ ఎక్కించారు. చెల్లెలితో మళ్లీ అక్కడినుంచే రావాలి. ఈసారి నన్నూ ఎక్కిస్తే ఆ రోడ్డు మీద ఆమె ఒంటరిది.

నేను పోయి చెప్పిన సంగతి విని ఆమె బియ్యం, పప్పు, బట్టలు దుప్పట్లో మూటగట్టి నా ముందు పెట్టింది.

"వీపున ఏసుకో అన్నా. వంగి నడువు."

మన ఇంట్లో మగవాళ్లు మూటలు మొయ్యరన్నాను.

"ఆ ఇల్లు అమ్ముడుపోయి శానా ఏండ్లాయె. దాన్ని ఇంకా మోస్తానే ఉండావు. ఇది అంత బరువు లేదులే."

ఎత్తుకున్నాను. తనిఖీ దగ్గర నాకు తారు రోడ్డూ, సైనికుల బూట్లూ తప్ప ఏమీ కనబడలేదు. ఏ క్షణాన భుజం మీద చెయ్యి పడుతుందోనని అడుగులు లెక్కబెట్టాను. అంతలో, ఏనాడూ నాకు ఎదురు మాట్లాడని చెల్లెలు, "యల్లా, యల్లా, నడువురా సోమరీ" అని కూలివాణ్ని అదిలించినట్టు గట్టిగా అదిలించింది. ఒక సైనికుడు నవ్వాడు. ఇంకొకడు నా ముఖమైనా చూడకుండా పొమ్మని చెయ్యి ఊపాడు.

మలుపు తిరిగాక ఆమె మూట లాక్కుంది. తర్వాత నా చొక్కా వెనక దుమ్ము దులుపుతూ నిలబడింది. పోయిన దుమ్మునే మళ్లీ మళ్లీ దులిపింది.

ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఈనాడు ఏ దేశంలో ఎంత నిటారుగా నడిచినా నన్నెవరూ ఆపరు, ఏ ఇంటివాడివని అడగరు. అందులో సుఖం లేకపోలేదు. కానీ నా నడక చూసి నా ప్రాణానికి భయపడిన మనిషి ఒక్కతే ఉండేది; ఆమె పోయాక ఎలా నడిచినా ఒకటే అనిపిస్తుంది.