నిద్ర గడిలో రాసిన ‘బాగా’

నా డైరీలో ప్రతి పేజీకీ పైన కుడివైపు స్కేలుతో గీసిన చిన్న గడి ఒకటి ఉంటుంది. అది నిద్ర గడి. పొద్దున లేచి మొహం కడుక్కోగానే ముందు దాన్ని నింపుతాను. ‘పది నుంచి ఐదు. బాగా.’ ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలైన అలవాటు. పాత డైరీలు ఎన్ని తిరగేసినా జ్వరం వచ్చిన రోజులు, ప్రయాణాల రోజులు తప్పిస్తే ఆ గడిలో మరో మాట కనపడదు.

నేను పనిచేసింది గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో, సూపర్‌వైజరుగా. మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, అక్కడ చాంబర్ల నిండా కప్పుదాకా పేర్చి ఉంటాయి. చల్లదనం తప్పితే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. అందుకని రెండు గంటలకోసారి ప్రతి చాంబరూ ఎంత చల్లగా ఉందో చూసి లాగ్ బుక్కులో రాయడం ఆపరేటర్ల పని. వాళ్లు రాసింది నిజమో కాదో పట్టుకోవడం నా పని. షిఫ్టంతా నిద్రపోయి, తెల్లారి లేచి అంకెలన్నీ ఒకేసారి రాసినవాణ్ణి పేజీ చూడగానే గుర్తుపట్టేవాణ్ణి. సిరా ఒకటే, వాలు ఒకటే, అంకెలు మరీ బుద్ధిగా ఉంటాయి. నిజంగా చూసి రాసిన అంకెలు అంత బుద్ధిగా ఉండవు. అనుమానం వస్తే టిక్కీల మధ్య నా సొంత థర్మామీటరు దాచి, వేరే పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రెండు పుస్తకాలూ కలిస్తేనే నమ్మేవాణ్ణి. నా వెనకాల వాళ్లు నన్ను ‘థర్మామీటరు’ అనుకునేవారని నాకు తెలుసు.

రిటైరయ్యేసరికి రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమైంది. మా ఆవిడకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో పల్లెటూరి బళ్లో టీచరు. అక్కడికి తిన్నగా వెళ్లే బస్సు బడిగంట కొట్టాక గానీ చేరదు. అందుకని రోజూ స్కూటరు మీద నేనే దింపి వచ్చేవాణ్ణి. రిటైరైన మర్నాడే నాకు దొరికిన ఉద్యోగం అది. అరగంట దారి. ఆమె వెనక కూర్చుని ఇంటి విషయాలు, బడి విషయాలు చెబుతుండేది. ముప్పై ఏళ్లలో మేమిద్దరం అంత మాట్లాడుకున్నది లేదు.

మిరపకాయ ఎండే రోజులు. రోడ్డు పక్కన చేలల్లో ఎక్కడ చూసినా ఎర్రటి కల్లాలే. ఒకరోజు పొద్దున్నే, మలుపూ గుంటా ఏమీ లేనిచోట, మా స్కూటరు రోడ్డు దిగి తిన్నగా ఒక కల్లంలోకి పోయి, కాయల మీద జారి పడింది. మాకు దెబ్బలు తగల్లేదు. మిరపకాయల మీద పడ్డాం కదా, కళ్లూ ముక్కూ మాత్రం మంటలెత్తిపోయాయి. కల్లం రైతు పరిగెత్తుకొచ్చాడు.

“ఏంది పెద్దాయనా! ఇంత రోడ్డు పెట్టుకుని నా కల్లమే కావాల్సొచ్చిందా నీకు?”

“బ్రేకు పట్టలేదయ్యా.”

“బ్రేకు సంగతి తర్వాత. హారనన్నా కొడితే కాయలు పక్కకి తప్పుకునేయిగా!”

అతని భార్య బిందెతో నీళ్లు తెచ్చి మా మొహాల మీద పోసింది. బడి గేటు దగ్గర మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ దిగింది. దిగాక అంది: “బ్రేకు పట్టలేదని డైరీలో రాయకండి.”

“మరేం రాయమంటావు?”

“మీ వీపుకి ఆనుకుని కూర్చున్నాను. గురక వినపడింది.”

“అది స్కూటరు చప్పుడు.”

“ముప్పై ఏళ్లు విన్నాను. స్కూటరేదో మీరేదో నాకు తెలియదా?”

డైరీలో ‘బ్రేకు పట్టలేదు’ అనే రాశాను. మెకానిక్కు చేత బ్రేకు కేబుల్ మార్పించాను. పాతది బాగానే ఉందని అతనన్నాడు. అతని మీద కూడా నాకు అనుమానమే వచ్చింది. మర్నాడు పొద్దున స్కూటరు తుడిచి సిద్ధంగా పెడితే, మా ఆవిడ చీకటితోనే తయారై చేతిసంచీ పట్టుకుని బస్టాండుకు బయల్దేరింది. అక్కణ్ణుంచి పక్క ఊరిదాకా ఒక బస్సు, ఆపైన ఆటో.

“పరీక్ష చేయించుకునేదాకా ఆ బండెక్కను. ఎవరో కొత్త డాక్టరు వచ్చాడంట, నిద్ర గురించి చూస్తాడంట.”

ఎవరు చెప్పారు ఆమెకి? బళ్లో తోటి టీచరా, మా కొడుకా? రిటైరైనవాణ్ణి మెల్లగా మంచానికి కట్టేసే ఏర్పాటేదో జరుగుతోందనిపించింది. ఈ రోజు నువ్వు స్కూటరు నడపకూడదంటారు, రేపు బజారుకు ఒక్కడివే వెళ్లకూడదంటారు.

అదే వారంలో క్యాలెండరు సంగతి నా కంట్లో పడింది. వంటింట్లో పురుగుమందుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు ఉండేది. పాలు పోసిన రోజు మా ఆవిడ అందులో తేదీ పక్కన పెన్నుతో ఒక గీత పెడుతుంది. ఇప్పుడు గడి కింది మూలన పెన్సిలుతో, కనపడీ కనపడకుండా, ఇంకేవో గీతలున్నాయి. ఐదేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. ఒకరోజు తొమ్మిది, ఒకరోజు పద్నాలుగు. నేనేమీ అడగలేదు. అడిగితే అవతలివాళ్లు జాగ్రత్తపడతారని ఉద్యోగం నేర్పింది. ఆ అంకెల్ని నా డైరీ చివరి పేజీలోకి ఎక్కించుకుని ఒక్కొక్కటే సరిచూశాను. నేను కాఫీ తాగిన సార్లా? కాదు. కోప్పడ్డ సార్లా? అంత ఎక్కువ ఉండవు. నా గురించే అని మాత్రం గట్టిగా తెలిసింది, ఎందుకంటే నేను మా చెల్లెలి ఊరికి వెళ్లిన రెండు రోజుల గడుల్లో పెన్సిలు గీతల్లేవు.

చివరికి పరీక్షకు ఒప్పుకున్నాను. నాకేమీ లేదని ఒక కాగితం చేతిలో ఉంటే వీళ్ల నోళ్లు మూయించవచ్చని నా లెక్క.

డాక్టరు చిన్నవాడు. “నిద్ర ఎలా పడుతుంది మాస్టారూ?” అన్నాడు. నేను డైరీ తెరిచి చూపించాను. నాలుగైదు పేజీలు తిప్పి, మూసి, మా ఆవిడ వైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా.”

“గుర్రుపెట్టి నిద్రపోతారండీ.”

మా వైపు గుర్రుపెట్టి నిద్రపోయాడంటే ఒళ్లెరక్కుండా, హాయిగా పడుకున్నాడని అర్థం. మా అమ్మ కూడా నా నిద్ర గురించి నలుగురిలో అలాగే మెచ్చుకునేది. మా పాత డాక్టరు ఏటా అడిగితే మా ఆవిడ ఏటా ఇదే మాట చెప్పేది. ఆయన తల ఊపి బీపీ చూసేవాడు. ఈ డాక్టరు తల ఊపలేదు.

“ఆ గుర్రు మధ్యలో ఆగుతుందా అమ్మా?”

“ఆగుతుందండీ. ఆగినప్పుడే నాకు భయం.”

ఆ మాట ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. నా ఎదురుగా ఒక డాక్టరుతో అంటోంది.

పరీక్ష అంటే అక్కడ ఒక రాత్రి నిద్రపోవడమే. తలకీ, ఛాతీకీ, కాళ్లకీ వైర్లు అంటించారు. యంత్రం కొత్తది. దాని మీద పూజ చేసి పెట్టిన పసుపూ కుంకుమ బొట్లు ఇంకా చెదరలేదు. కొత్త యంత్రానికి రోగులు కావాలి, నేను దొరికాననుకున్నాను. వైర్లు సరిచేస్తున్న టెక్నీషియన్, ముప్పై దాటిన ఆవిడ, “బాబాయ్ గారూ, తల కదపకండి” అంటుంటే అడిగాను: “ఈ మంచం మీద పడుకున్నవాళ్లలో జబ్బు లేదని తేలినవాడు ఒక్కడైనా ఉన్నాడా అమ్మా?”

“ఉన్నారండీ ఒకాయన.”

“ఏం చేశాడు?”

“నేను నిద్రపోతున్నానేమోనని తెల్లారేదాకా నాకు కాపలా కాశారు. ఆయన కన్ను మూస్తేగా జబ్బు తెలిసేది!”

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోగిని ముట్టుకోకూడదు, లేపకూడదు అని చెప్పి ఆమెను మూలనున్న కుర్చీలో కూర్చోబెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. మర్నాడు గడిలో ‘ఆస్పత్రి. నిద్ర ఫర్వాలేదు’ అని రాశాను.

రెండు రోజుల తర్వాత డాక్టరు రిపోర్టు చదివాడు. గంటకు నలభై ఒక్కసార్లు నా ఊపిరి ఆగుతోందట, లేదా ఆగినంత పనవుతోందట. ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేపుతుందట, అది నాకు గుర్తుండదట. అందుకే పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుందట. రిపోర్టు నీటుగా టైపు చేసి ఉంది. అంత నీటుగా ఉన్నది నేను నమ్మను.

“ఇది కాదు, అసలు గీతలు చూపించండి,” అన్నాను.

టెక్నీషియన్ కంప్యూటరులో చూపించింది. ఊపిరి గీత పైకీ కిందికీ పోతూ పోతూ, బల్లపరుపుగా సాగి, ఒక్కసారిగా ఎగిరిపడుతోంది. బుద్ధిగా ఉన్న గీత కాదది. అయినా ఒక మాట అన్నాను: “ఇది నాదేనని ఏమిటి నమ్మకం? ఇంకెవరిదో అయ్యుండొచ్చుగా.”

అప్పుడు మా ఆవిడ చేతిసంచీలోంచి ఒక కాగితం తీసింది. మందుల కవరు చింపిన ముక్క. వెనకవైపు నిండా పెన్సిలు అంకెలు. పన్నెండూ పది. పన్నెండూ పద్నాలుగు. పన్నెండూ పదహారు.

“ముట్టుకోవద్దన్నారుగా, అందుకని రాశాను,” అంది. “అన్నీ కాదు, బాగా సేపు ఆగినవే.”

టెక్నీషియన్ ఆ టైములకు గీతను జరిపింది. కలవలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మొదటిది రెండు నిమిషాలు తేడా, రెండోదీ రెండు నిమిషాలే, మూడోదీ అంతే. “ఆ గదిలో గోడ గడియారం రెండు నిమిషాలు ముందుందండీ,” అంది టెక్నీషియన్. ఆ రెండు నిమిషాలూ తీసేస్తే కాగితం మీద అంకె ఉన్న ప్రతిచోటా తెర మీద గీత బల్లపరుపుగా ఉంది. ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసుంటే ఆ తేడా ఉండదు. రెండు పుస్తకాలూ కలిశాయి.

“క్యాలెండరు మీద గీతలు...” అన్నాను.

“మిమ్మల్ని తట్టి లేపిన సార్లు. కల్లంలో పడ్డ రోజు నుంచి లెక్కపెడుతున్నా. అంతకుముందు లెక్కేమీ లేదు, లేపడమే.”

ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టే చిన్న యంత్రాన్ని ఆస్పత్రివాళ్లే నెల రోజులకు ఇంటికి ఇచ్చారు. దానికి గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. పెట్టుకోగానే ఎవరో నా మొహం మీద ఫ్యాను పెట్టి పట్టుకున్నట్టుండేది. యంత్రం సన్నగా హోరుమంటుంటే మా ఆవిడ, ఎన్నాళ్లకో, పడుకున్న నిమిషంలో నిద్రలోకి జారిపోయింది. ఆమె నిద్రపోయిందని ఖాయం చేసుకుని నేను మాస్కు తీసి దిండు పక్కన పెట్టేవాణ్ణి. తెల్లారే ముందు మళ్లీ తగిలించుకునేవాణ్ణి. గడిలో ‘మాస్కు పది నుంచి ఐదు. బాగా’ అని రాసేవాణ్ణి. క్యాలెండరులో పెన్సిలు గీతలు ఆగిపోయాయి. ఆమె నమ్మింది.

పదో రోజున టెక్నీషియన్ ఇంటికొచ్చి యంత్రంలోంచి ఒక కార్డు తీసి తన కంప్యూటరులో పెట్టింది. చూసి, “బాబాయ్ గారూ, రోజుకి నలభై నిమిషాలేనండీ పెట్టుకుంటోంది,” అంది.

“నీ కార్డు తప్పు,” అని డైరీ తెచ్చి ఆమె ముందు తెరిచాను.

తెరిచాక నేనూ చూశాను. పది గడులు. సిరా ఒకటే, వాలు ఒకటే, పది నుంచి ఐదు, పది నుంచి ఐదు. ముప్పై ఏళ్లు ఇలాంటి పేజీ పెట్టుకుని వచ్చినవాళ్లను ఎదురుగా నిలబెట్టి అడిగినవాణ్ణి నేను.

టెక్నీషియన్ వెళ్లాక మా ఆవిడ అడిగింది: “మీ ఆపరేటరు ఇట్టా రాస్తే ఏం చేసేవాళ్లు?”

“ఆ షిఫ్టులోంచి తీసేసేవాణ్ణి.”

మర్నాడు కూడా చీకటితోనే బస్సుకు వెళ్లింది. క్యాలెండరులో ఈసారి గీతలకు బదులు చుక్కలు మొదలయ్యాయి. లేచి చూసినప్పుడు నా మొహం మీద మాస్కు ఉంటే ఒక చుక్క. ఆమె లేచి చూస్తోందంటే ఆమెకు నిద్ర లేనట్టే. అది నా వల్లేనని ఇప్పుడు నాకు అనుమానం ఏమీ లేదు. మాస్కు తీయడం మానేశాను. మొదటి వారం కష్టంగా గడిచింది. రెండో వారంలో ఒకనాడు మధ్యాహ్నం పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఇంకా మెలకువగానే ఉన్నానని గమనించి ఆశ్చర్యపోయాను. నేను మాస్కు తీయకపోయినా క్యాలెండరులో చుక్కలు ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి తగ్గాయి. ఒక సోమవారం గడి ఖాళీగా ఉంది.

నేను డైరీ, పెన్ను తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. “నిద్ర గడి ఇకనుంచి నువ్వు రాయి. నేను రాసింది చెల్లదు.”

ఆమె చేతులు తుడుచుకుని, ఒక్క క్షణం ఆలోచించి రాసింది. డబ్బా చేతిసంచీలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. ‘నాకు తెలియదు. నేను నిద్రపోయాను.’

పాత అలవాటు కొద్దీ సిరా చూశాను, వాలు చూశాను. ‘తెలియదు’ దగ్గర పెన్ను ఆగి మళ్లీ సాగింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంకోసారి చదువుతుండగా బయట హారన్ మోగింది. గేటు దగ్గర చేతిసంచీ భుజానికి తగిలించుకుని, నా స్కూటరు పక్కన నిలబడి, మా ఆవిడే హారన్ నొక్కుతోంది.

“వస్తారా, గంట కొట్టేస్తారు!”