తెర వెనుక విద్యార్థిని

పరాయి దేశంలో లెక్కలు చెప్పడానికి వచ్చిన ఇద్దరు తెలుగు టీచర్లకు బడివారు ఇచ్చిన అపార్టుమెంటులో ఉన్నది ఒకే గది, దాని మూలన ఒక వంట గట్టు. రెండు మంచాల మధ్య పెద్ద టీచరు తన పాత చీరొకటి తెరగా కట్టింది. ఆ చీర మనుషులను దాచింది గాని మాటలను దాచలేకపోయింది.

చిన్న టీచరుకు మర్నాటి పాఠాన్ని సాయంత్రమే గోడకు చెప్పి చూసుకునే అలవాటుంది. పిల్లలను అడగవలసిన ప్రశ్నలను గోడను అడిగేది. ఉల్లిపాయలు తరుగుతున్న పెద్ద టీచరు నోరు ఊరుకునేది కాదు. తెర ఇవతల నుంచే జవాబు అందించేది. "వెరీ గుడ్, కూర్చో," అనేది చిన్న టీచరు. ఇద్దరూ నవ్వుకునేవారు. పాఠం ఎక్కడా తడబడకుండా సాగిపోయేది.

చిన్న టీచరు ఒప్పందం ముగియవచ్చింది. ఆమెను కొనసాగించాలో, ఇంటికి పంపాలో పాఠం చూసి చెప్పమని ప్రిన్సిపాల్ అడిగింది లెక్కల విభాగానికి పెద్ద దిక్కయిన పెద్ద టీచరునే.

"మీరే వస్తున్నారంటే నాకింక భయమేంటక్కా?" అంది చిన్న టీచరు, ఆ ఉదయం జడ వేసుకుంటూ.

"భయం ఉండాలి. బడిలో నేను అక్కను కాను."

"సాయంత్రం కూరలో ఉప్పు వేసేది నేనే. అది కూడా గుర్తుంచుకోండి!"

పెద్ద టీచరు వెనుక బెంచీలో కూర్చుంది. ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలిపితే ఎంత అని చిన్న టీచరు అడిగింది. ఒక అమ్మాయి ఉత్సాహంగా లేచి రెండు బై అయిదు అంది. "కాదు" అని, సరైన జవాబు తానే బోర్డు మీద రాసి, చిన్న టీచరు ముందుకు సాగిపోయింది. ఇంకో ప్రశ్నకూ అదే తంతు. కాసేపటికి చేతులు లేవడం మానేశాయి. మొదట లేచిన అమ్మాయి పెన్నుకు మూత పెట్టేసింది.

విషయ జ్ఞానానికి లోటు లేదు, గొంతు స్పష్టం, రాత ముత్యాలు. అయినా ఆ పాఠంలో పిల్లల తప్పుకు చోటు లేదు. ఎందుకు లేదని ఆలోచిస్తే పెద్ద టీచరుకు తన వాటా కనిపించింది. సాయంత్రాలు చిన్న టీచరు బోధించింది తెర వెనుక ఉన్న ఒక్క విద్యార్థినికే. ఆ విద్యార్థిని ఏనాడూ తప్పు చెప్పలేదు.

ఉన్నదున్నట్టు ప్రిన్సిపాల్‌కు చెప్పింది. పాఠం పిల్లలకు అందలేదంది. తామిద్దరూ ఒకే గదిలో ఉంటున్నారనీ, ఆ లోపంలో తన చెయ్యీ ఉందనీ, కాబట్టి తన సాక్ష్యం ఒక్కటే చాలదనీ అంది. ఇంకొక పాఠాన్ని తానే స్వయంగా చూస్తానని ప్రిన్సిపాల్ ఒప్పుకుంది.

"ఒకే గిన్నెలో అన్నం తింటున్నాం. ఒక్క మంచిమాట చెబితే మీ సొమ్మేం పోయేది?" ఇంటికి రాగానే చిన్న టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాది కాదమ్మా, పెన్నుకు మూత పెట్టేసిన ఆ పిల్ల చదువు పోయేది."

చీర సర్రున జరిగింది. కొన్నాళ్ళు గదిలో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. చివరికొక సాయంత్రం అవతల పాఠం లోగొంతుతో మళ్ళీ మొదలైంది. అదే ప్రశ్న వచ్చింది.

"రెండు బై అయిదు," అంది పెద్ద టీచరు.

"వెక్కిరిస్తున్నారా?"

"పైవీ పైవీ కలిపాను, కిందవీ కిందవీ కలిపాను. తప్పేముంది టీచర్?"

అవతల చిన్న టీచరు గోడను వదిలి తెర వైపు తిరిగింది.

"నీ దగ్గర సగం రొట్టె ఉంది. ఇంకో ముక్క ఇచ్చాను. సగం కన్నా పెరగాలా, తగ్గాలా?"

"పెరగాలి."

"మరి నీ రెండు బై అయిదు సగానికి ఎక్కువా, తక్కువా?"

"అయ్యో, తక్కువే టీచర్! అయితే ఇంట్లో మా నాన్న నేర్పింది తప్పా?"

"మీ నాన్ననూ తీసుకురా, పక్కన కూర్చోబెట్టి చెబుతాను!"

తెర రెండు వైపులా నవ్వు పుట్టింది. ఆనాటి నుంచి పెద్ద టీచరు తన సర్వీసులో విన్న తప్పులన్నీ వెతికి వెతికి అప్పజెప్పింది.

ప్రిన్సిపాల్ పాఠం చూసిన రోజున పెద్ద టీచరు స్టాఫ్‌రూములో దిద్దవలసిన కాగితాలు ముందేసుకుని ఒక్కటీ దిద్దకుండా కూర్చుంది. చిన్న టీచరు చేతినిండా సుద్దపొడితో వచ్చింది.

"అనుకున్నదాంట్లో సగమే అయిందక్కా. ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు. ఎవర్నీ వదలబుద్ధి కాలేదు."

"ఆవిడేమంది?"

"ఇంకో ఏడాది ఉండమంది. కానీ ఇకమీదట నా పాఠాలకు మార్కులు వేసేది మీరు కాదట."

"న్యాయంగా చెప్పింది," అంది పెద్ద టీచరు. ఎర్రసిరా పెన్ను తీసి, మొదటి కాగితంలోని తప్పు దగ్గర కొట్టివేత గుర్తు పెట్టబోయి ఆగి, 'ఎందుకు?' అని రాసింది.