నీలమైన పాలు

మొన్న మనవడి మోకాలికి టింక్చర్ అయోడిన్ రాస్తుంటే ఆ ఘాటుకు మా నాన్న, బాపు గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు హుస్సేనీ ఆలంలో మాకు బర్రెలుండేవి. బాపు ఇంటి ముందే పాలమ్మేవాడు.

అయోడిన్ చుక్క వేస్తే నీలమయ్యే తిండిలో బలమిచ్చే పిండిపదార్థం ఉన్నట్టేనని బడిలో టీచర్ చెప్పింది. ఆమె సీసాలో మిగిలిన నాలుగు చుక్కలు అడిగి తెచ్చుకుని, పక్కింటి చాచీ గిన్నెలో బాపు పోసిన పాలలో ఒక చుక్క వేశాను. పాలు నీలమయ్యాయి.

"చాచీ, మా పాలల్ల మస్తు బలమున్నది!" అని గంతులేశాను.

చాచీ ముఖం మాడిపోయింది. "గంజి కలిపినవా భాయ్? పసిదానికి తాపుతున్న గదా!"

బాపు తలెత్తలేదు. నన్ను కొట్టనూ లేదు.

సాయంత్రం బాపు నాకోసం తీసిపెట్టిన పాల గ్లాసులోనూ చుక్క వేశాను. నీలం కాలేదు.

ఆ తర్వాత నేను పాలు ముట్టలేదు. ఎందుకని బాపు ఏనాడూ అడగలేదు.