కిటికీల చిల్లులు పూడ్చిన ఓవర్‌మన్

చదువరులారా, ఒక మనిషి తన మంచం మీదికి తానే చెరువును తెచ్చుకొన్న వైనం చెబుతాను. ఆ మనిషి నేనే. నాలుగేళ్ల కిందటి నేను. అతనితో నేనిప్పుడు మాట్లాడడం లేదు.

ఓవర్‌మన్‌గా, అంటే గనిలో షిఫ్టు నడిపించే ఉద్యోగిగా, ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసి గోదావరిఖనిలో రిటైరయ్యాను. భార్య పోయిన ఏడాదికి, ఇంట్లో గోడ గడియారం తప్ప చప్పుడు చేసేవారు లేక, ఒక పాత స్కూలు వ్యాను కొన్నాను. సీట్లు పీకించి మంచం, పొయ్యి, పాత సామాన్ల కొట్టులో దొరికిన జరిపే కిటికీలు పెట్టించాను. ఊళ్లు తిరగాలి. తోడుకు ఒక్కడే దొరికాడు: గనిలో నీళ్లు తోడే పంపు నడిపిన యాకూబ్.

"కాళేశ్వరం పోదామన్నా, వస్త. గానీ కిటికీలు కారొద్దు. సల్లదనం తాకితే నాకు ఛాతి పట్టేస్తది."

తొలి వానకే కారాయి. రిజిస్టరు తెరిచాను: కిటికీ సంఖ్య, వాన వేళ, తడిసిన దుప్పటి కొలత. మూడు వానల పరిశోధనలో దోషి దొరికాడు. ప్రతి కిటికీ చట్రానికి బయటివైపు, అడుగున, రెండేసి సన్నని చిల్లులు! వాటిలోంచే నీళ్లు చుక్కలు కడుతున్నాయి. మీరే చెప్పండి, వాన ఆపాల్సిన కిటికీకి చిల్లులేమిటి? గనిలో నిప్పంటుకొన్న చోటును సూది దూరే సందు లేకుండా గోడ కట్టి మూయించిన చేతులివి. సిలికాన్ తెచ్చి, పసిబిడ్డకు కాటుక దిద్దినంత శ్రద్ధగా అన్నింటినీ పూడ్చాను. "సమస్య శాశ్వతంగా పరిష్కృతం" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

మర్నాడు మధ్యాహ్నం వాన పట్టగానే యాకూబ్‌ను పిలిచి కిటికీ కింది మంచం మీద పడుకోబెట్టాను.

"అన్నా, ఏందో గుడగుడమంటంది."

"నీ కడుపే."

"నా కడుపు గాదు! కిటికీల చేపలు పెంచచ్చు, అన్ని నీళ్లు నిలిచినయ్!"

నేను తల తిప్పేలోగా కిటికీ జరిగే గాడి నిండి, బిందె బోర్లించినట్టు అతని మెడ మీద పడింది.

"యా అల్లా! తువ్వాల, అన్నా, తువ్వాల!"

"ఆగు తమ్మీ. రెండు గంటల పదిహేడు నిమిషాలు... ఎడమ దిక్కు మూడో కిటికీ... ముందుగాల మెడ మీద పడ్డయా, ఛాతి మీదనా?"

అతడు చూసిన చూపును ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు. చొక్కా పిండుకొంటూ వ్యాను దిగాడు.

"పైన రబ్బరు ఎండి పలిగింది. నీళ్లు ఆ పగుల్ల నుంచి గాడిలకు దిగుతున్నయ్. కింది చిల్లులు వాటిని బయటికి తోలేటివి. ఇన్నేండ్లు నా పంపు చూసినవ్ గద, బయటికి పోయే పైపును ఎవడన్న మూస్తడా?"

వారం రోజులు దగ్గి, రామకృష్ణాపూర్‌లోని కూతురింటికి వెళ్లిపోయాడు.

నేను చిల్లులు తెరిచాను. పాత రబ్బరు పీకి, చట్రం తుడిచి ఆరబెట్టి, పై అంచుకూ పక్కలకూ కొత్త రబ్బరు, సిలికాన్ వేశాను, అడుగును ముట్టలేదు. కాళేశ్వరం ఒంటరిగానే వెళ్లాను. రోజంతా వాన, లోపల ఎడారి. చూపించడానికి మనిషి లేక యాకూబ్‌కు ఫోన్ చేశాను.

"ఒక్క చుక్క రాలే, తమ్మీ."

"రాసుకున్నవా?"

"రాసిన."

"చూసినోని సంతకమేది మరి? ఒక షిఫ్టోడు రాసింది, తర్వాత షిఫ్టోడు చూసి సంతకం పెడితేనే గద మన గనిల చెల్లేది?"

ఫోన్ పెట్టేసి రిజిస్టరు తెరిచాను.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నీరు పోయే దారిని ఇక ఈ జన్మలో మూయను. తడిసిన మనిషికి తువ్వాలు అందించనిదే కలం మూత తీయను. ఇది రిజిస్టరులో రాసి సంతకం చేశాను. పక్కన రెండో సంతకానికి జాగా వదిలాను.