నాలుగో నంబరు థర్మామీటరు

మా చిన్నప్పుడు... అంటే ఒమాన్‌లో, ఇబ్రిలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు... సైన్స్ మేడం మొదటి వారంలోనే అందరికీ ఒక కాగితం పంచారు. ఏడాదంతా మేం ఎలా పనిచేయాలో, దేనికెన్ని మార్కులో, దేనికెంత కోతో వరసగా రాసి ఉంది. కింద అమ్మో నాన్నో సంతకం పెట్టి పంపాలి.

మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టే మనిషి కాదు. అనుమానం ఆవిడకి పుట్టుకతోనే వచ్చింది... పాల డబ్బా మీద తేదీ కూడా రెండుసార్లు చూసేది. కానీ ఆ రోజు వరసగా రెండు డ్యూటీలు చేసి వచ్చింది. చెప్పులైనా విప్పకుండా సంతకం పడేసింది.

తర్వాత కొన్నాళ్ళకి ల్యాబ్‌లో నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూసే ప్రయోగం. నాకూ, నా పక్క సీటు రుబీనాకీ కలిపి ఒక బీకరు, నాలుగో నంబరు థర్మామీటరు ఇచ్చారు. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి... పాదరసం మాత్రం తొంభై ఏడు దగ్గర మొండికేసి కూర్చుంది.

రుబీనా 97 అని రాసేసింది. నేనూ రాశాను... కానీ పుస్తకంలో నూరని ఉంది కదా! మేడం అటు తిరగ్గానే రబ్బరుతో చెరిపి 100 చేశాను. పిచ్చి రుబీనాకి మార్కులు పోతాయే అని జాలి కూడా పడ్డాను.

రికార్డులు దిద్ది ఇచ్చారు. రుబీనాకి పదికి పది. నాకు రెండు.

ఆ రెండుతో నా గ్రేడు కిందికి జారిపోయింది. నన్ను డాక్టర్ని చేయాలని అమ్మకి ఎంత ఆశో నాకు తెలుసు. మేడం కూడా తెలుగావిడే, వరంగల్ నుంచి వచ్చారు. మనవాళ్ళకి మార్కులేస్తే మిగతావాళ్ళు వేలెత్తి చూపుతారని కావాలనే కోశారేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి చెరిపిన సంగతి మింగేశాను. "రుబీనా రోజూ సాయంత్రం మేడం ఇంటికి వెళ్తుందమ్మా" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ అది ఎవరికి చెప్తున్నానో నాకు తెలుసు!

"అదీ సంగతి! ట్యూషన్‌కెళ్ళే పిల్లకి పది, మన పిల్లకి రెండూనా?" అంది అమ్మ. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసింది. టీచర్లు ఇంట్లో ట్యూషన్లు చెప్పకూడదని స్కూల్లో గట్టి రూలు.

"ఇది ఇచ్చామంటే ఆవిడ ఉద్యోగం, దాంతోపాటు వీసా కూడా పోతాయి. పోతే పోనీ..." అంది కవరు అంటిస్తూ.

అప్పుడైనా నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పేరెంట్స్ మీటింగు రోజు అమ్మ ఆ కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. "ముందు ముఖం మీదే అడుగుతాను. ఆ తర్వాతే ప్రిన్సిపాల్ రూమ్‌కి" అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అడిగేసింది కూడా.

మేడం తెల్లబోయారు. "ట్యూషనా! మా కింది పోర్షనే వాళ్ళది, సిస్టర్. మా చంటిదాన్ని ఎత్తుకోనీకి వస్తది ఆ పిల్ల."

"అందరూ అలాగే అంటారండీ" అంది అమ్మ, బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసి.

మేడం ముందు అమ్మ సంతకం ఉన్న కాగితం తీసి, ఒక వాక్యం కింద వేలు పెట్టారు. కంటికి కనిపించిన రీడింగే రాయాలి, పుస్తకంలోది రాస్తే ఆ ప్రయోగానికి మార్కులు ఉండవు, బొమ్మకి మాత్రం రెండు. తర్వాత, మీటింగు కోసం మళ్ళీ తీసుకున్న మా ఇద్దరి రికార్డులూ పక్కపక్కన పెట్టారు.

"ఇద్దరూ ఒక్క టేబుల్ మీదనే చేసిన్రు సిస్టర్. నాలుగో నంబరుది పాతది, తక్కువ చూపిస్తది. తెలిసే ఇచ్చిన... చూసింది రాస్తరా, చదివింది రాస్తరా అని."

అమ్మ నా రికార్డు తీసుకుని, ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఆసుపత్రిలో అనుమానం వచ్చిన చార్టును అలాగే చూస్తుందట. 100 వెనకాల, సరిగ్గా చెరగని 97 కనిపించింది.

"పేషెంటుకి పూటపూటకీ సరిగ్గా తొంభై ఎనిమిది పాయింట్ ఆరే ఉందని రాస్తే, ఆ చార్టు నేను నమ్మను మేడం" అంది చాలా చిన్న గొంతుతో. "కన్నతల్లినై ఉండి... దీని మాట ఎలా నమ్మేశానో."

"క్షమించండి" అని లేచింది. కవరు బయటికి తీయలేదు. నేను తల దించుకునే ఉన్నాను... మేడంకి ఒక్క సారీ చెప్పలేకపోయాను. మరుసటి ఏడు ఆవిడ వేరే ఊరి స్కూలుకి మారిపోయారు. ఆ సారీ ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

కారులో అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. "ఊళ్ళో అందర్నీ అనుమానించాను... ఇంట్లోదాన్ని వదిలేశాను" అంది, అంతే. ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. తిన్నానంటే కంచం చూసేది. చదివానంటే పుస్తకం మూసి అడిగేది. నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో, ఉద్యోగంలో. అమ్మ ఇంకా ఇబ్రిలోనే డ్యూటీలో. అప్పట్లో పేజీ వెలుతురుకి పెడితే చాలు, నిజం కనిపించేది... ఇప్పుడు వేల కిలోమీటర్ల అవతల నుంచి గొంతు విని పోల్చుకోవాలి పాపం. మొన్న జ్వరమొచ్చింది. ఎంతుందని ఫోన్‌లో అడిగితే "తొంభై తొమ్మిదేనమ్మా" అన్నాను.

"థర్మామీటర్ ఫొటో పెట్టు" అంది.

పెట్టాను... నూట రెండు.

మీరూ అమ్మకి తప్పు రీడింగ్ చెప్పి దొరికిపోయారా... చెప్పండి, కానీ నిజం చెప్పండి.