తిన్నని గుమ్మం

పెద్ద మేస్త్రి కన్ను తప్పు చెప్పదని అందరూ అనేవారు. ఆయనా నమ్మాడు, అదే కొంప ముంచింది. నలభై ఏళ్లుగా గుమ్మాలు బిగించిన వడ్రంగి. ఒక కన్ను మూసి చూశాడంటే వెంట్రుకవాసి వంకరైనా దొరికిపోయేది. తమ్ముడు మాత్రం ప్రతి గుమ్మం తిన్నగా ఉందో లేదో దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి చూసేవాడు. "నా కన్నుండగా గుండెందుకురా?" అని అన్న వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేవాడు.

అరవై ఎనిమిదో ఏట, ఒక కొత్త ఇంట్లో తమ్ముడు బిగించిన గుమ్మం ఆయనకు నడుమ ఉబ్బినట్టు కనిపించింది.

"ఇది గుమ్మమా, పాము మెలికా? పీకెయ్!"

"తిన్నగానే ఉందన్నయ్యా. గుండు వేసి చూశా."

"నాకే పాఠాలు చెప్తావా? నీ చేతికి ఉలి ఇవ్వడమే నేను చేసిన తప్పు."

ఇంటివాళ్లూ కూలీలూ వింటున్నారు. ముప్పై ఏళ్లు తోడున్నవాణ్ణి అనవలసిన మాట కాదది. తమ్ముడు ఉలి కింద పెట్టి, తల దించుకుని వెళ్లిపోయాడు. మేస్త్రి తన కంటికి తిన్నగా కనిపించేదాకా ఆ గుమ్మాన్ని చెక్కాడు. తలుపు అందులో సరిగ్గా అమరలేదు. తప్పు తలుపుదన్నాడు.

మూడు నెలలకు, గ్లాసు పక్కన నీళ్లు పోస్తున్నాడని భార్య కంటి ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ గళ్ల కాగితం ఇచ్చి, నడిమి చుక్కను చూడమంది.

"గీతలన్నీ ఇలా వంకరగా గీశారేంటమ్మా?"

"గీతలు తిన్నగానే ఉన్నాయండీ. మీ రెండు కళ్లలోనూ వెనక పొర నడుమ పాడైంది. వయసుతో వచ్చే జబ్బు. గీతలు వంగినట్టు కనిపించిన మొదట్లోనే వచ్చుంటే సూదిమందుతో చాలావరకు ఆపగలిగేవాళ్లం. నడిమి చూపు ఇక రాదు, పక్కచూపు ఉంటుంది. ఇకమీదట సూటిగా కాకుండా కాస్త ఓరగా చూడటం అలవాటు చేసుకోండి."

చూపు పోయిందన్న మాట ఆయన చెవికెక్కలేదు. గుమ్మం తిన్నగానే ఉందన్నది ఎక్కింది. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత భార్యను ఇంటికి పంపేసి, ఒక్కడే తమ్ముడింటికి వెళ్లాడు.

తలుపు తీసిన తమ్ముడిని సూటిగా చూస్తే రెండు చెవులు, భుజాలు కనిపించాయి. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. క్షమించాడో లేదో ఆ మొహంలోనే తెలియాలి. మేస్త్రి తల పక్కకు తిప్పి ఓరగా చూశాడు. అప్పుడు తమ్ముడి కళ్లు కనిపించాయి, తడిగా.

"తప్పు నాదేరా," అన్నాడు.

"ఆ మాట చెప్పడానికొచ్చి కూడా నా వంక చూడబుద్ధి కాలేదా అన్నయ్యా? మొహం తిప్పుకునే చెప్పాలా?"

"నిన్ను చూడ్డానికేరా తిప్పింది," అని మేస్త్రి అనేలోపే తలుపు మూసుకుని, లోపల గడియ పడింది.