జొన్నల కుండలో అమ్మ గొంతు

నంద్యాలలో పోలీసులు దొంగసొత్తంటూ కాపీ క్యాసెట్లన్నీ పట్టుకుపోతున్నారని ఆళ్లగడ్డలో మాకు మొదట చెప్పింది మేనత్త శాంతమ్మ. చనిపోయిన అమ్మ చేసిన ప్రార్థన మాకు క్యాసెట్‌లో మిగిలింది. అసలుది తెగిపోయింది, ఉన్నది నంద్యాల మాబన్న షాపులో చేయించిన కాపీయే. బడికి పోక ఇంట్లోనే చదువుకునే నాకు పగలంతా ఆ గొంతే తోడు. భయపడి దాన్ని జొన్నల కుండలో దాచేసి, వినడమే మానేశాను.

అత్త కబురు పెడితే మాబన్న వచ్చాడు.

“పోలీసులకియ్యొద్దన్నా” అంటూ కుండలోంచి క్యాసెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

“మీయమ్మ గొంతు దొంగసొత్తు ఎట్లయితాది పాపా? ఇది నీదే” అని నవ్వి, క్యాసెట్ అంచున రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచాడు. “ఇంక దీనిమీద ఎవురూ ఇంకోటి ఎక్కించలేరు.”

అప్పటికే పోలీసులు తన షాపంతా ఖాళీ చేశారని ఆయన చెప్పలేదు, తర్వాత తెలిసింది. ఇన్నేళ్ల తర్వాత మొన్న ఆ విరిగిన అంచు తడిమి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మీ ప్రార్థనలో మాబన్నను తలుచుకోండి.